ఊరికే పెరగదు మన కోడి



కోఠిలో పాత పుస్తకాల కోసం సుల్తాన్ బజార్ వైపు పోయే మనోళ్లందరికీ తెలిసిన సంగతే. సందుల్లో ఎక్కడో ఒక అట్టముక్క మీద ‘నాటుకోడి గుడ్లు’ అని రాసి ఉంటది. గుడ్డు ఎర్రగా ఉంటది. ధర ఫారం గుడ్డుకు రెండింతలో మూడింతలో చెప్తారు, కొనేవాళ్లు మాట్లాడకుండా కొంటారు. అదే మనిషి మన ఏరియాకు టూర్ వచ్చి, వారం సంతలో మన అవ్వ చేతిలో కోడిని చూస్తే వేరే మాట మాట్లాడతాడు: “దీనికేం ఖర్చయింది నీకు? ఊళ్లో తిరిగి పెరిగిందే కదా, తగ్గించు.”

నగరంలో అయితే అమృతం, ఊళ్లో అయితే ఊరికే వచ్చిన సరుకు. నాటుకోడి గురించి, దాని గుడ్డు గురించి జనంలో అపోహలు చాలా ఉన్నాయి. మేము హాస్టల్‌లో నలుగురం కూర్చుని ఒక్కొక్కటి తీసి చూస్తే అర్థమైంది ఏంటంటే, వీటిలో చాలావాటికి చరిత్ర ఉంది. అన్నిట్లోకి పాతది, మనకు ఎక్కువ నష్టం చేసింది ఒకటుంది. అది గుడ్డు రంగు గురించి కాదు, బలం గురించి కాదు. “ఊరికే పెరుగుతది” అనే మాట. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాం. పోస్టు పెద్దది, ఓపికగా చదవండి.

1. “ఊరికే” అనే మాట ఎక్కడిది?

సుల్తాన్ బజార్‌కు పాత పేరు రెసిడెన్సీ బజార్. నిజాం రాజ్యంలో బ్రిటిష్ వాళ్ల ప్రతినిధి ఉండే రెసిడెన్సీ పక్కనే పెరిగిన బజారు ఇది. ఆ భవనాన్ని జేమ్స్ అకిలెస్ కిర్క్‌పాట్రిక్ 1800 తర్వాతి సంవత్సరాల్లో కట్టించాడు. చుట్టూ ఉన్న బజార్ల మీద పెత్తనం కూడా రెసిడెన్సీదే. 1933లో ఆ బజార్లు తిరిగి నిజాం చేతికి వచ్చాయి, అప్పుడు దీనికి సుల్తాన్ బజార్ అనే పేరు వచ్చింది.

ఆ కాలంలో తెల్లదొరలు జిల్లాల్లో తిరిగితే డాక్ బంగళాల్లో దిగేవాళ్లు. అక్కడ వాళ్ల భోజనం దాదాపు ఎప్పుడూ ఒకటే, కోడి. దొర గుర్రం దిగాక, అప్పటిదాకా పెరట్లో తిరుగుతున్న కోడిని పట్టి, కోసి, వండి పెట్టేవాళ్లు. ఇది ఎంత మామూలంటే ఆ కూరకు ‘సడన్ డెత్’ అని ఎగతాళి పేరే పెట్టుకున్నారు. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అనే ఆంగ్లో-ఇండియన్ నిఘంటువులో ఆ మాట ఉంది. కోడి చావు గురించి నవ్వుకున్నారు, మాట నిఘంటువుకెక్కింది. ఆ కోడి ఏ ఇంటిదో, ఆ ఇంటికి పైసలు ముట్టినయో లేదో నిఘంటువుకు అక్కర్లేదు.

నిజాం ఇలాకాలో దీనికి ఇంకో పేరుండేది. వెట్టి. అధికారి ఊరికొస్తే ఎవరి కులాన్ని బట్టి, ఎవరి పనిని బట్టి వాళ్లు ఉచితంగా ఇవ్వాలి. గొల్లవాళ్లు గొర్రె, గీతగాళ్లు కల్లు, మిగతావాళ్లు కోళ్లు, గుడ్లు, కట్టెలు, పైగా చాకిరి. అడవి పల్లెల్లో పట్వారీ, పోలీసు, అటవీ గార్డు ముగ్గురూ ఈ హక్కు తమదే అనుకున్నారు. గార్డు వస్తుండని తెలిస్తే ముందు పుంజును దాచేవాళ్లమని మన గూడేల్లో, తండాల్లో ముసలోళ్లు చెప్పుకునేది ఉత్త కథ కాదు. జోడేఘాట్‌లో కొమురం భీం పోరాటం 1940లో రక్తంలో ముగిసిన తర్వాత నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను గోండుల పరిస్థితి చూడమని పంపింది. కింది ఉద్యోగులు ఆదివాసుల దగ్గర ఎట్లా గుంజుకుంటున్నారో ఆయన రిపోర్టుల్లో రాశాడు.

ఇక్కడ సుల్తాన్ బజార్ ఇంకోసారి కథలోకి వస్తుంది. 1901లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషానిలయం పుట్టింది ఈ రెసిడెన్సీ బజార్ చుట్టుపక్కలే. 1921లో ఇక్కడికి దగ్గర్లోని వివేకవర్ధిని ఆవరణలో జరిగిన సభలో ఒకాయన తెలుగులో మాట్లాడితే ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచి ఆంధ్ర జనసంఘం పుట్టింది, తర్వాత అది ఆంధ్ర మహాసభ అయింది. మాడపాటి హనుమంతరావు లాంటి పెద్దలు ఇక్కడ కూర్చుని మొదట పట్టుకున్న సమస్యల్లో వెట్టి ఒకటి. అంటే ఉచితంగా కోడి పట్టుకుపోవడం హక్కు కాదు, దోపిడీ అని గట్టిగా చెప్పిన గొంతుల్లో కొన్ని ఈ సందుల్లోంచే లేచాయి. ఇవాళ ఆ పాత రెసిడెన్సీ భవనం ఉన్న మహిళా యూనివర్సిటీకి చాకలి ఐలమ్మ పేరుంది. తన పంటను దొరకు ఇవ్వనని నిలబడ్డ ఐలమ్మ పేరు రెసిడెన్సీకి పెట్టడం కన్నా చక్కని జవాబు చరిత్రలో దొరకదు.

వెట్టి పోయింది. కానీ వెట్టి నేర్పిన మాట పోలేదు. “దానికేం ఖర్చు” అని బేరమాడే మనిషి తెలియకుండానే పాత పట్వారీ గొంతుతో మాట్లాడుతున్నాడు.

2. ఊరికే పెరిగితే ఇంత పనెందుకు?

కోడి దానంతట అదే అడవిలోంచి వచ్చి మనింట్లో పడలేదు. ఎర్ర అడవికోడి దాని మూలం. 2022లో వచ్చిన పరిశోధనల ప్రకారం, మనుషుల దగ్గర పెరిగిన కోళ్ల ఎముకల్లో ఇప్పటికి తెలిసిన అతి పాతవి థాయిలాండ్‌లోని బాన్ నాన్ వాట్‌లో దొరికాయి. సుమారు 3,500 ఏళ్ల కిందటివి. మెట్ట వరి, చిరుధాన్యాలు పండించడం మొదలైన చోటే కోడి మనిషికి దగ్గరైంది, ఆ గింజల కోసమే అడవి దాటి వచ్చిందని ఆ శాస్త్రవేత్తల అంచనా. పోడులో జొన్న, సామ, కొర్ర చల్లిన వాళ్లకు ఈ మాట అర్థం చేయించనక్కర్లేదు. కళ్లం దగ్గర అడవికోడి తిరగడం మన పెద్దోళ్లకు కొత్తేం కాదు.

ఇంకో సంగతి. కోళ్ల కాళ్లు, చర్మం పసుపుగా ఉంటాయి కదా, ఆ లక్షణం ఎర్ర అడవికోడి నుంచి రాలేదని 2008లో జన్యు పరీక్షల్లో తేలింది. అది బూడిద రంగు అడవికోడి నుంచి వచ్చింది. ఆ పక్షి మన దక్షిణ భారతం అడవుల్లోది. అంటే ప్రపంచంలో ఎక్కడ పసుపు కాళ్ల కోడి కనిపించినా అందులో మన వైపు అడవి కొంత ఉంది.

ఇక ఇంట్లో పని లెక్కేద్దాం. పొద్దున గంప ఎత్తి వదలాలి. నూకలో తవుడో వేయాలి. గద్ద, ముంగిస, పిల్లి, ఊరకుక్క నుంచి పిల్లల్ని కాపాడాలి. పొద్దుగూకే వేళ పిలిచి లెక్కపెట్టి కమ్మాలి. ఒకటి తగ్గితే చీకట్లో వెతకాలి. పెట్ట పొదుగుకొస్తే మంచి గుడ్లు ఏరి, గంపలో గడ్డి పరిచి, పన్నెండో పదిహేనో పెట్టి కూర్చోబెట్టాలి. 21 రోజులు కాపలా కాయాలి. మధ్యలో గుడ్డును దీపానికి అడ్డం పెట్టి చూసి, పిల్ల లేనిది తీసేయాలి. పది పిల్లల్లో సగం పెద్దవైతే గొప్ప. ఇదంతా ఎవరు చేస్తారు? అమ్మ, అవ్వ, బడి లేనప్పుడు చెల్లె. ఇంటి ఖర్చుల లెక్కలో ఈ పనికి గడి ఉండదు. గడి లేదు కాబట్టి ఖర్చు లేదంటారు. ఆడవాళ్ల పనిని లెక్కపెట్టని చోట కోడి ఊరికే పెరిగినట్టే కనిపిస్తది.

తక్కెడలో ఇంకోటి కూడా వేయాలి. కోయ గూడెంలో విత్తనాల పండుగకు కోడి కావాలి. తండాలో సీత్ల పండుగకు కావాలి. గోండు పెద్దలు పెన్ ముందు గింజలు వేసి కోడి పొడుస్తుందా లేదా అని చూస్తారు, పొడిస్తే దేవుడు ఒప్పుకున్నట్టు. అల్లుడు వస్తే, జ్వరమొచ్చి లేస్తే, హాస్టల్ ఫీజు గడువు వస్తే కూడా కోడే. బ్యాంకు లేని ఊళ్లో రెక్కలున్న పొదుపు అది.

3. “మన కోడి నాసిరకం, ఫారం కోడి విదేశీ మేలుజాతి”

ఇది చదువుకున్న వాళ్ల అపోహ. అసీల్ జాతి పేరు వినే ఉంటారు. సంక్రాంతి పందేల్లో డేగ, కాకి, నెమలి అని పిలిచే పుంజుల్లో చాలావరకు ఈ జాతివే. పల్నాటి కథలో నాగమ్మ, బ్రహ్మనాయుడు పందెం వేసింది కూడా కోళ్ల మీదే. అందుకే అసీల్ అంటే పందెం, జూదం అనే గుర్తొస్తది. కానీ జాతీయ పశు జన్యు వనరుల బ్యూరో నమోదు చూస్తే ఈ జాతి పుట్టిల్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, ఛత్తీస్‌గఢ్, ఒడిశా. ఆ మూడూ కలిసే కొండల్లో ఎవరుంటారో ఈ గ్రూపులో చెప్పనక్కర్లేదు. పందెం బరుల్లో పేరు ఎవరికొచ్చినా, ఏ పుంజు నిలబడతదో, ఏ పెట్ట పిల్లల్ని కాపాడతదో చూసి చూసి తరాలుగా ఎంపిక చేసిన చేతుల్లో ఆ గూడేల చేతులూ ఉన్నాయి.

ఇప్పుడు అసలు మలుపు. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్‌లో కొందరు మన అసీల్‌ను తీసుకెళ్లి అక్కడి పందెం కోళ్లతో, మలయా కోళ్లతో కలిపారు. వచ్చిన కోడికి ‘ఇండియన్ గేమ్’ అని పేరు పెట్టారు. పందేనికి పనికిరాలేదు కానీ రొమ్ము మీద కండ బాగా పట్టింది. అదే అమెరికా పోయి ‘కార్నిష్’ అయింది. 1948లో అమెరికాలో ‘చికెన్ ఆఫ్ టుమారో’ అని రేపటి మాంసపు కోడి కోసం దేశమంతా పోటీ పెడితే గెలిచింది కార్నిష్ రక్తం కలిసిన కోడే. ఇవాళ ప్రపంచమంతా తినే బ్రాయిలర్ తండ్రి వైపు వంశం అటు పోతది. అంటే చికెన్ షాపులో వేలాడే తెల్లకోడి మనకు పరాయిది కాదు, దూరపు చుట్టమే. నాసిరకం అన్న కోడి రక్తంతోనే ఆ వ్యాపారం నిలబడింది. అయితే పేటెంటు, లాభం, పేరు ఏవీ ఈ కొండలకు రాలేదు.

“గుడ్లు తక్కువ పెడతది కదా” అంటారు. నిజమే. నాటుపెట్ట ఏడాదికి 40 నుంచి 60 దాకా పెడతది, ఫారం పెట్ట 300 దాటిస్తది. కానీ నాటుపెట్ట గుడ్లు పెట్టి ఆపి, పొదిగి, పిల్లల్ని వెంటేసుకుని తిప్పి, మళ్లీ గుడ్లకొస్తది. ఫారం పెట్టకు పొదగడమే రాదు, ఆ గుణాన్ని కావాలనే తీసేశారు. దాణా, కరెంటు, మందు, హాచరీ నాలుగూ ఆగితే ఆ 300 గుడ్లు ఆగిపోతాయి. ఒకటి గుడ్ల మిషను, ఇంకోటి కుటుంబం. రెంటినీ ఒకే కొలతతో కొలిస్తే కుటుంబం ఓడిపోయినట్టే కనిపిస్తది.

4. “ఎర్ర గుడ్డు అంటే నాటు గుడ్డే”

సుల్తాన్ బజార్ అట్టముక్క దగ్గరికి మళ్లీ వద్దాం. గుడ్డు పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తది. గుడ్డు బయటికొచ్చే ముందు చివరి గంటల్లో కోడి కడుపులోనే పెంకు మీద రంగు పడుతుంది. రోడ్ ఐలండ్ రెడ్ రక్తమున్న కోడి బోనులో ఉన్నా ఎర్ర గుడ్డే పెడతది. తెల్ల లెగ్‌హార్న్‌ను అడవిలో వదిలినా తెల్ల గుడ్డే పెడతది. మన నాటుకోళ్ల గుడ్లు లేత గోధుమ రంగు నుంచి దాదాపు తెలుపు దాకా ఉంటాయి. నల్లకోడి కడక్‌నాథ్ గుడ్డు కూడా నల్లగా ఉండదు, గోధుమ రంగే.

దీనికి మన హైదరాబాద్‌లోనే చరిత్ర ఉంది. రాజేంద్రనగర్‌లో 1988లో కేంద్ర ప్రభుత్వం కోళ్ల పరిశోధన సంస్థ పెట్టింది. అక్కడే వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి అనే పెరటి కోళ్లను తయారు చేశారు. ఊళ్లో తిరిగే కోడి తెల్లగా ఉంటే గద్ద కంట్లో పడతది, అందుకని రంగు ఈకలు ఉండేలా చూశారు. జనానికి ఎర్ర గుడ్డు మీద మోజు కాబట్టి గ్రామప్రియ ఎర్ర గుడ్డే పెట్టేలా చేశారు. అంటే జనం నమ్మకాన్ని చూసి శాస్త్రవేత్తలు గుడ్డు రంగు ఎంచారు, ఇప్పుడు ఆ రంగును చూసి జనం నమ్ముతున్నారు. ఈ గొలుసులో మోసం లేదు. మోసం వేరే చోట ఉంది. తెల్ల గుడ్డుకు రంగు పట్టించి నాటు అని అమ్మి దొరికిపోయిన కేసులు వార్తల్లో చూసే ఉంటారు. ఎర్రపెంకు ఫారం గుడ్డును నాటు ధరకు అమ్మడం అంతకన్నా సులువు, రంగు కూడా వేయనక్కర్లేదు.

ఈ కోళ్లను గిరిజన ప్రాంతాల్లో కూడా పంచారు. మేలు జరగలేదనం. గ్రామప్రియ నాటుపెట్ట కన్నా మూడింతలు గుడ్లు పెడతది, గుడ్డు అమ్ముకున్న ఇంటికి నాలుగు పైసలు వచ్చాయి. కానీ ఇవి సరిగా పొదగవు. ఈ బ్యాచ్ అయిపోతే మళ్లీ పిల్లలు పైనుంచే రావాలి. స్కీము ఆగిన ఏడాది గంప ఖాళీ అయితది. కోడిని ఇచ్చారు కానీ కోడి సంతానాన్ని చేతిలో పెట్టలేదు. ఈ తేడా స్కీము కాగితంలో రాయరు, మనం అడగాలి.

5. “ఫారం గుడ్డులో బలం లేదు, హాస్టల్ గుడ్డు దండగ”

ఈ మాట హాస్టల్‌లో బాగా వినిపిస్తది కాబట్టి గట్టిగా చెప్తున్నాం, ఇది తప్పు. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూర్‌లో పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చింది. అది 2017లో అచ్చేసిన ఆహార పట్టికల్లో ఫారం గుడ్డు, నాటు గుడ్డు విడివిడిగా ఉన్నాయి. రెండింటిలోనూ 100 గ్రాములకు ప్రొటీన్ సుమారు 13 గ్రాములే. పైగా ఫారం గుడ్డు 50 గ్రాముల పైన తూగితే నాటు గుడ్డు 40 దగ్గర ఆగుతది. గుడ్డుకు గుడ్డు చూస్తే హాస్టల్ గుడ్డులోనే ప్రొటీన్ కాస్త ఎక్కువ.

మరి నాటు గుడ్డు సొన అంత పచ్చగా ఎందుకుంటది? తిండి వల్ల. ఆకు, పురుగు, జొన్న తింటే రంగు ముదురుతది. ఫారంలో దాణాలో మొక్కజొన్నో బంతిపూల పొడో పెంచితే అక్కడా ముదురుతది. ఎండలో తిరిగి, పచ్చిగడ్డి తిన్న కోడి గుడ్డులో విటమిన్ డి లాంటివి కొంత పెరగొచ్చు. అది తిరుగుడు గొప్ప, తిండి గొప్ప, పేరు గొప్ప కాదు. రుచి సంగతి వేరు. మన అమ్మ చేతి గుడ్డు పులుసు రుచిని ఏ పట్టికా కొలవలేదు, కొలవనక్కర్లేదు కూడా.

తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. ప్లేట్లో గుడ్డు వస్తే తినండి. రాకపోతే అడగండి. “ఫారం గుడ్డు మంచిది కాదు” అనే మాట డబ్బున్నోడికి ఫ్యాషన్, వాడు ఇంకో గుడ్డు కొనుక్కుంటాడు. మనకు ఆ మాట నమ్మితే పోయేది ఒంట్లో ప్రొటీను. ప్లాస్టిక్ గుడ్లు అని ఫోన్లలో తిరిగే వీడియోలు కూడా అట్లాంటివే. గుడ్డును ప్లాస్టిక్‌తో చేయడానికి అయ్యే ఖర్చు అసలు గుడ్డు ధర కన్నా ఎక్కువే.

6. “పుంజు లేని గుడ్డు గుడ్డే కాదు”

పుంజు లేకున్నా పెట్ట గుడ్డు పెడతది. పిల్ల కావాలంటేనే పుంజు కావాలి. ఫారం గుడ్డులో పిల్ల అయ్యే జీవం ఉండదు. తినడానికి రెండూ ఒకటే. గాంధీ 1942లో పుణెలోని ఆగాఖాన్ ప్యాలెస్ జైల్లో ఆరోగ్యం మీద చిన్న పుస్తకం రాస్తూ, పుంజు కలవని గుడ్డు ఎప్పటికీ పిల్ల కాదు, పాలు తాగేవాళ్లకు అట్లాంటి గుడ్డు మీద అభ్యంతరం ఉండనక్కర్లేదు అని వాదించాడు. ఆయన మాట చాలామంది వినలేదు. ఇవాళ్టికీ ప్యాకెట్ల మీద చుక్క పెట్టే నిబంధనల్లో గుడ్డు మాంసాహారం కిందే ఉంది. గుడ్డు తినే పిల్లల పక్కన కూర్చోమనే గొడవలు అక్కడక్కడ బడుల్లో ఇంకా ఉన్నాయి. గుడ్డు మీద అపోహ చాలాసార్లు గుడ్డు గురించి కాదు, తినేవాళ్ల గురించి.

సొనలో ఎర్రచుక్క కనిపిస్తే అది పిల్ల కాదు. గుడ్డు తయారయ్యేటప్పుడు చిన్న రక్తనాళం చిట్లిన గుర్తు. నీళ్లలో తేలే గుడ్డు తేలిక గుడ్డు కాదు, పాత గుడ్డు. పెంకుకు కంటికి కనపడని వేల రంధ్రాలుంటాయి, రోజులు గడిచేకొద్దీ లోపలి తేమ పోయి గాలి చేరుతది. మన వైపు నమ్మకం ఒకటుంది, ఉరుములకు పొదిగే గుడ్లు మురుగుతాయని గంపలో ఇనుప ముక్క పెడతారు. గుడ్డును పాడు చేసేది ఉరుము కాదు. వానాకాలం ముసురు, తడిసిన గడ్డి, ఆ రంధ్రాల్లోంచి పోయే సూక్ష్మక్రిములు. గంపలో గడ్డి మార్చి పొడిగా ఉంచితే ఇనుము కన్నా ఎక్కువ పనిచేస్తది.

7. “బ్రాయిలర్‌కు హార్మోన్ ఇంజెక్షన్లు వేస్తారు”, “నాటుకోడికి రోగమే రాదు”

మన కోడి గొప్ప చెప్పడానికి ఎదుటి కోడి మీద అబద్ధం చెప్పనక్కర్లేదు. బ్రాయిలర్ తొందరగా పెరగడానికి కారణం జాతి ఎంపిక, దాణా. కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ వాళ్లు 1957 నాటి జాతిని, 2005 నాటి జాతిని ఒకే దాణాతో 56 రోజులు పెంచి చూశారు. పాతది 905 గ్రాములు తూగింది, కొత్తది 4,202 గ్రాములు. తిండి ఒకటే, తేడా అంతా రక్తంలో. అక్కడ అసలు అడగాల్సింది యాంటీబయాటిక్‌ల గురించి. మనుషులకు చివరి ఆసరా అయిన కొలిస్టిన్ మందును కోళ్లకు వాడకుండా ప్రభుత్వం 2019లో నిషేధించింది. నిషేధించాల్సి వచ్చిందంటేనే వాడకం ఎట్లుండేదో అర్థం చేసుకోవచ్చు.

ఇక నాటుకోడికి రోగం రాదనేది మన గుడిసెలకు నిప్పు పెట్టే అపోహ. కొక్కెర తెగులు వస్తే వారంలో గూడెం మొత్తం గంపలు ఖాళీ. దాన్ని ఇంగ్లిష్‌లో రాణిఖేత్ వ్యాధి అంటారు. 1927లో హిమాలయాల్లోని రాణిఖేత్‌లో మన దేశంలో మొదట గుర్తించారు కాబట్టి ఆ పేరు. పక్కనే ముక్తేశ్వర్ సంస్థలో తయారైన టీకా రకం ఇప్పటికీ వాడుతున్నారు. టీకా ఉంది, ధరా ఎక్కువ కాదు. మరి మన దగ్గర ఎందుకు చస్తాయి? సీసాలో వంద, రెండొందల కోళ్లకు సరిపడా మందుంటది, తెరిస్తే ఆ పూటే వాడేయాలి, చల్లగా ఉంచాలి. పది కోళ్లున్న ఇంటి కోసం ఎవరూ ఐస్‌పెట్టె మోసుకుని గుట్ట ఎక్కరు. ఊరంతా ఒకే రోజు వేయించుకుంటేనే కుదురుతది. “నాటుకోడికి ఏం కాదులే” అనుకున్నందుకే ఆ రోజు రాదు.

బర్డ్ ఫ్లూ సంగతి కూడా ఒక మాట. దేశంలో మొదట 2006లో మహారాష్ట్రలోని నవాపూర్ ఫారాల్లో బయటపడింది. 2025లో గోదావరి జిల్లాల ఫారాల్లో వచ్చింది. ఊరకోళ్లకు కూడా సోకుతది, అందుకే చచ్చిన కోడిని వండొద్దు, చేత్తో ముట్టొద్దు. కానీ బాగా ఉడికిన గుడ్డు, కూర తింటే రాదు, 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ నిలవదు.

8. మరి ధర ఎవరు చెప్పాలి?

1982కు ముందు ఫారం గుడ్డు ధర దళారులు చెప్పేవాళ్లు. బి.వి.రావు ముందుండి ఫారాల వాళ్లను ఒక్కటి చేసి జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ పెట్టించాడు. మన గుడ్డు ధర మనమే చెప్దాం అన్నారు. ఇవాళ పొద్దున పేపర్ తెరిస్తే హైదరాబాద్ గుడ్డు ధర పైసలతో సహా ఉంటది. పెద్ద ఫారాల వాళ్లే అయినా, ధర చెప్పే హక్కు కోసం సంఘం కట్టారు, గెలిచారు.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు 31.7 కోట్లు. ముందటి లెక్కకన్నా 45.8 శాతం పెరిగాయి. ఫారం కోళ్లు పెరిగింది 4.5 శాతమే. 31.7 కోట్ల కోళ్ల వెనక ఎన్ని లక్షల ఆడవాళ్లుంటారో ఆలోచించండి. వాళ్ల గుడ్డుకు ఏ పేపర్లో ధర ఉండదు. సంతకొచ్చిన మారుబేరగాడు చెప్పిందే ధర. ఆ గుడ్డు సుల్తాన్ బజార్ చేరే సరికి రెండింతలు, మూడింతలు. మధ్యలో పెరిగిందంతా అవ్వకు రాదు. ఒక్కోసారి అట్టముక్క కింద ఉన్నది అవ్వ గుడ్డే కాదు.

మన దగ్గర సంఘం లేదని కాదు. ఉమ్మడి తూర్పు గోదావరి ఏజెన్సీలో ఆదివాసీ ఆడవాళ్ల మధ్య ‘వాటా’ పద్ధతి ఉంది. కోడి లేని ఇంటికి ఉన్నవాళ్లు పెట్టనిస్తారు, పిల్లలు పెరిగాక చెరిసగం పంచుకుంటారు. కొన్నిచోట్ల దీన్నే పాలుకు ఇవ్వడం అంటారు. అంత్ర అనే పశువైద్యుల సంస్థ దీన్ని గమనించి, అసీల్ కోళ్లను కాపాడటానికి ఇదే పద్ధతి మీద పనిచేసింది. టీకాలు వేసే మనిషిని ఊళ్లోనే తయారు చేసి, పెట్టల్ని వాటాకు తిప్పారు. స్కీము కోడిలా పైనుంచి రానక్కర్లేదు. ఒక గంప నుంచి పది గంపలు. అప్పు కాగితం లేదు, వడ్డీ లేదు, నమ్మకం ఒక్కటే హామీ. చరిత్ర పుస్తకాల్లో సహకార సంఘాల గురించి చదువుతాం కదా, మన అవ్వలు కోడిపిల్లలతో ఆ సంఘాన్ని ఎప్పుడో నడిపారు.

చివరిగా గ్రూపులో అందరికీ మూడు పనులు చెప్తున్నాం. ఒకటి, దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అమ్మనో అవ్వనో అడిగి ఒక పెట్ట మీద ఏడాదికి ఎన్ని రోజుల పని పడుతుందో, ఎన్ని గింజలు పోతాయో, ఎన్ని పిల్లలు దక్కుతాయో రాసుకోండి. ఆ లెక్క మన చేతిలో ఉంటేనే “దానికేం ఖర్చు” అన్నోడికి జవాబుంటది. రెండు, మండల పశువైద్యశాలలో కొక్కెర తెగులు టీకా ఎప్పుడు వస్తదో కనుక్కుని ఊరంతా ఒకే రోజు వేయించండి. మూడు, మీ గూడెంలో, తండాలో, పెంటలో వాటా లాంటి పద్ధతి ఏ పేరుతో ఉందో, కోళ్ల రంగులకు, జాతులకు మీ భాషలో ఏమంటారో కింద రాయండి. గోండి, కోయ, కొలామి, లంబాడి, చెంచు, కొండరెడ్డి, ఏ భాష పేరైనా సరే. అన్నీ కలిపి ఇంకో పోస్టు చేస్తాం.

రేపు సంతలో ఎవరైనా మన అవ్వ ముందు కూర్చుని “ఊరికే పెరిగిందే కదా” అంటే, పక్కన ఉన్న మనవడో మనవరాలో చదువుకున్నోళ్లు అయ్యుంటారు. లెక్క చెప్పండి. ధర అవ్వే చెప్తది.

జోహార్.